పాదపూజకు పాదాలు కావలెను

మా నగరంలో పారిశుద్ధ్య కార్మికులు లేరు. పూర్వం ఉండేవారు. ఐదేళ్ల క్రితం నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశం వారిని దేవతలుగా ప్రకటిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. నాటి నుండి వీధులు ఊడ్చేవారిని, కాలువల్లో పూడిక తీసేవారిని, చెత్తబండ్లు తోసేవారిని కార్యాలయ ఉత్తరప్రత్యుత్తరాలలో ‘పారిశుద్ధ్య దేవతలు’ అని మాత్రమే వ్యవహరించాలని ఉత్తర్వు వెలువడింది. ఒక గుమాస్తా అలవాటు కొద్దీ ‘కార్మికులు’ అని రాసి సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

దేవతలన్న తరువాత పూజ జరగాలి. అందుచేత ఏటా నగర ఆవిర్భావ దినోత్సవం నాడు మున్సిపల్ మైదానంలో వేదిక కట్టి, దేవతలలో కొందరిని కుర్చీలలో కూర్చోబెడతారు. మంత్రిగారు ఒకరు వచ్చి వెండి చెంబుతో పసుపునీళ్లు పోసి వారి పాదాలు కడుగుతారు. తెల్లని తువ్వాలుతో అద్దుతారు. భుజాన శాలువ కప్పుతారు. ఫోటోలు అయిపోయిన తరువాత దేవతలు కడిగిన ఆ పాదాలతోనే, చెప్పులు లేకుండా, మైదానమంతా చెదిరిన పూలదండలు, పులిహోర పొట్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు ఎత్తిపోసి ఇళ్లకు వెళతారు.

ఈ పూజలో మొదటి కుర్చీ మొదటి ఏటి నుండి పైడమ్మది. మా వీధి ఊడ్చేది ఆమే. నిరుడు ఉత్సవానికి కొద్దిరోజుల ముందు, చేపల మార్కెట్టు వెనుక చెత్త ఎత్తుతుండగా ఆమె కుడి అరికాలిలో సీసా పెంకు దిగింది. ఆ పుండు మానకముందే మంత్రిగారి పసుపునీళ్లు దాని మీద పడ్డాయి. పైడమ్మ కళ్ల వెంట నీళ్లు కారాయి. మర్నాడు పత్రికలో ఆ ఫోటో ‘ఆనందబాష్పాలు’ అనే శీర్షికతో వచ్చింది.

పైడమ్మకు షుగరు ఉంది. మరొకసారి ఆ కాలికి దెబ్బ తగిలితే కాలును కాపాడటం తన వల్ల కాదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆమె తోటికోడలు నీలమ్మకు అలాగే ఒక కాలు మోకాలి కింది వరకు తీసేశారు. నీలమ్మ ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుంది. పైడమ్మకు కావలసినది పూజ కాదు, ఒక జత రబ్బరు బూట్లు. ఆమెతో పాటు పనిచేసేవారందరికీ కావలసినదీ అదే. మూడేళ్లుగా అడుగుతున్నారు. ఈ ఏడు ఉత్సవానికి ముందు సమ్మె నోటీసు ఇచ్చారు.

ఈ వ్యవహారమంతా నేను దగ్గరుండి చూడటానికి ఒక కారణం ఉంది. నేను చిన్నతనంలో కాన్వెంటులో చదువుకున్నాను. అక్కడ ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు బిషప్‌గారు పేదవారి పాదాలు కడిగే ఆచారం ఉండేది. ఆ సంగతి ఎవరో కమిషనర్ పరాంకుశంగారి చెవిన వేశారు. ఆయన వెంటనే నన్ను పాదపూజ నిర్వహణ ఉపసంఘంలో పౌర సభ్యురాలిగా నియమించారు.

“మేడమ్‌గారూ, మీకు ఈ రంగంలో పూర్వానుభవం ఉంది,” అన్నారాయన మొదటి సమావేశంలో. “అక్కడి కార్యవిధానం ఏమిటో సభకు వివరించండి.”

“బిషప్‌గారు కడగబోయే పాదాలను అంతకు ముందే ఆయాలు సబ్బుతో కడిగేవారు,” అని చెప్పాను.

కమిషనర్‌గారి ముఖం వికసించింది. “పూర్వ ప్రక్షాళన! ఎంతటి దూరదృష్టి! నమోదు చేయండి.”

నమోదు చేశారు.

సమ్మె నోటీసు మీద చర్చలు కమిషనర్‌గారి గదిలో జరిగాయి. ఉపసంఘం సభ్యురాలిని కనుక నాకూ ఒక కుర్చీ వేశారు. ఒకవైపు కమిషనర్‌గారు, ఆరోగ్య అధికారి డాక్టర్ త్రివిక్రమరావుగారు కూర్చున్నారు. మరొకవైపు పైడమ్మ, ఆమెతో పాటు చెత్తబండి తోసే అప్పలకొండ నిలబడ్డారు. దేవతలు కూర్చోవడానికి ఆ గదిలో ఏర్పాటు లేదు. ఆ సదుపాయం వేదిక మీద మాత్రమే ఉంటుంది.

“అమ్మా, మీరు సమర్పించిన పత్రాన్ని మా న్యాయ విభాగం కూలంకషంగా పరిశీలించింది,” అని కమిషనర్‌గారు ప్రారంభించారు. “సమ్మె హక్కు కార్మికులకు ఉంటుంది. తీర్మానం ప్రకారం మీరు కార్మికులు కారు. దేవతలు సమ్మె చేయడానికి ఏ చట్టంలోనూ నిబంధన కనిపించడం లేదు.”

“దేవతలమైతే గుళ్లో కూకోబెట్టండి బాబూ,” అంది పైడమ్మ. “కాలవలోకి దిగమంటారేటి?”

“అది మీ లీల.”

“లీల కాదు బాబూ, గబ్బు,” అన్నాడు అప్పలకొండ.

డాక్టర్ త్రివిక్రమరావుగారు కళ్లజోడు సవరించుకున్నారు. “బూట్ల ప్రతిపాదన చాలాకాలంగా నా క్రియాశీల పరిశీలనలో ఉన్నది. అందులో ఒక మౌలిక వైరుధ్యం ఉన్నది. బూటు తొడిగిన పాదం క్రమేణా మెత్తబడుతుంది. పగుళ్లు మాయమవుతాయి. పగుళ్లు లేని పాదాన్ని మంత్రివర్యులు కడిగితే అందులో త్యాగం ప్రజలకు ఎలా గోచరిస్తుంది? రేపు ఆడిట్ వారు అడిగితే సంస్థ ఏమని సమాధానం చెబుతుంది?”

పైడమ్మ ఆయన వైపు తిరిగింది. “అంటే బాబూ, మాకు బూట్లిచ్చేత్తే మీకు పూజకి కాళ్లు దొరకవని, అంతేనా?”

“మీరు విషయాన్ని సూక్ష్మంగా గ్రహించారు,” అని డాక్టరుగారు మనస్ఫూర్తిగా సంతోషించారు.

“నాకు పూజొద్దు బాబూ. నాకు కాలు కావాలి.”

“భక్తుల విశ్వాసాన్ని దేవత తిరస్కరించరాదు,” అన్నారు కమిషనర్‌గారు. అంతటితో చర్చలు సుహృద్భావ వాతావరణంలో ముగిసినట్లు పత్రికలకు ప్రకటన వెళ్లింది.

మర్నాటి నుండి చీపుర్లు కదలలేదు.

సమ్మె అనే మాట వాడటానికి వీలులేదు కాబట్టి నగరపాలక సంస్థ ఒక సర్క్యులర్ జారీ చేసింది. పారిశుద్ధ్య దేవతలు యోగనిద్రలో ఉన్నారని, యోగనిద్ర సృష్టిక్రమంలో సహజమని, పౌరులు ఆందోళన చెందనవసరం లేదని అందులో ఉంది. ఫిర్యాదుల నంబరుకు ఫోను చేస్తే ఒక మధురమైన స్త్రీ కంఠం ఇలా చెప్పేది: “దేవతలు యోగనిద్రలో ఉన్నారు. దయచేసి మీ చెత్తను మీ వద్దనే భక్తితో భద్రపరచుకోండి.”

మా వీధి చివర టిఫిన్ సెంటరు నడిపే జోగినాయుడు రోజూ ఫోను చేసేవాడు. “అమ్మగారూ, చట్నీలో పడ్డ ఈగ యోగనిద్రలో ఉందో, నిజంగానే పోయిందో ఈ ఆఫీసోళ్లని అడిగి చెప్పండి,” అని నన్ను పట్టుకున్నాడు. కల్యాణ మండపాల వెనుక ఎంగిలి విస్తళ్లు గోడ ఎత్తుకు లేచాయి. కూరగాయల బజారులో వాసన ముందు వచ్చేది, బజారు తరువాత కనిపించేది.

ఉత్సవం దగ్గరపడుతోంది. ప్రధాన రహదారి వెంబడి పేరుకున్న కుప్పలను తొలగించే మార్గం లేదు. అందుచేత వాటిని అలంకరించే మార్గం ఆలోచించారు. ఒక్కొక్క కుప్ప మీద రంగుల టార్పాలిన్ కప్పి, సీరియల్ బల్బులు చుట్టి, పైన జెండా నాటారు. రాత్రివేళ దూరం నుండి చూస్తే అందంగానే ఉండేవి. కుక్కలు ఆ జెండాలకు మొదట కొంచెం జంకాయి. తరువాత అలవాటుపడ్డాయి.

కుప్పలకు పరిష్కారం దొరికింది గాని పాదాలకు దొరకలేదు. మంత్రిగారి ఆమోదం ముందే వచ్చేసింది. పాదపూజకు వస్తానన్న మంత్రిని పాదాలు లేవని రావద్దనడం ఎవరికీ సాధ్యం కాదు. ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది.

“తీర్మానంలో పాదాలు ఎవరివి అయి ఉండాలని స్పష్టంగా లేదు,” అన్నారు కమిషనర్‌గారు తీర్మానం ప్రతిని తిరగేసి. “పాదాలు అని మాత్రమే ఉన్నది.”

ఆ మధ్యాహ్నమే కార్యాలయం నోటీసు బోర్డు మీద ప్రకటన వెలిసింది: ‘పాదపూజకు పాదాలు కావలెను. సంస్థ సిబ్బంది యావన్మంది తప్పనిసరిగా పాదపరీక్షకు హాజరు కావలెను.’

పరీక్ష కౌన్సిల్ హాలులో జరిగింది. పన్నుల విభాగం, పట్టణ ప్రణాళిక విభాగం, జనన మరణాల విభాగం వరుసగా కూర్చుని, ఎదుటి కుర్చీల మీద పాదాలు చాచారు. డాక్టరుగారు భూతద్దం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగారు. ముందస్తు తనిఖీకి వచ్చిన మంత్రిగారి వ్యక్తిగత కార్యదర్శి ఆయన వెనుకనే నడిచాడు. పన్నుల విభాగం సూపరింటెండెంటు పట్టాభి దగ్గర ఇద్దరూ ఎక్కువసేపు ఆగారు. ఆయన పాదాలు పసిబిడ్డవిలా గులాబీరంగులో మెరుస్తున్నాయి.

“ఏమండీ, ఈ పాదాలతో మీరు ఎంతకాలంగా ప్రజాసేవ చేస్తున్నారు?” అని అడిగాడు కార్యదర్శి.

“ఇరవై ఏళ్ల పైమాటేనండి.”

“ఎక్కడా ఆనవాలు లేదే!”

హాలులో అందరి పాదాలూ అటువంటివే. “మంత్రివర్యులకు సహజత్వం ముఖ్యం,” అని కార్యదర్శి తేల్చి చెప్పాడు. “ఈ పాదాలు కడిగితే, పెళ్లిలో అల్లుడి కాళ్లు కడిగినట్టు ఉంటుంది. ఏదైనా చేయండి.”

డాక్టరుగారు చేశారు. పాదానికి పగులు పట్టాలంటే అది చెప్పులు లేకుండా చెత్తలో నడవాలి, బురదలో నానాలి, ఎండలో ఎండాలి. ఇది వైద్యశాస్త్రం నిరూపించిన విషయం. కాబట్టి ఎంపికైన ఉద్యోగులంతా ఉత్సవం వరకు రోజూ వట్టి కాళ్లతో చేపల మార్కెట్టు ప్రాంతాన్ని ఊడ్చాలని, దీనికి ‘పాద సన్నద్ధతా శిబిరం’ అని పేరు పెట్టాలని నిర్ణయమైంది. ఇందువల్ల కొంత చెత్త తొలగిపోవచ్చునని నేను అన్నాను. అది శిబిరం ఉద్దేశం కాదని, యాదృచ్ఛిక ప్రయోజనంగా మాత్రమే నమోదు చేస్తామని కమిషనర్‌గారు సవరించారు.

సమ్మెలో ఉన్నవారు చేపల మార్కెట్టు ఎదుటనే టెంటు వేసుకుని కూర్చున్నారు. శిబిరం మొదలైన ఉదయం వారికి కాలక్షేపానికి కొదవలేకపోయింది. ఇస్త్రీ ప్యాంట్లు మోకాళ్ల వరకు మడుచుకుని, ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో చీపురు పట్టుకుని గుమాస్తాలు దిగారు. కొత్త చీపుర్లు, వాటికి ధర చీటీలు కూడా తీయలేదు.

“ఏటి పట్టాభి బాబూ, ఫైలు మీద దుమ్ము దులిపినట్టు దులుపుతున్నావు?” అని టెంటులో నుండి అప్పలకొండ కేక వేశాడు. “గట్టిగా లాగు! రేపటికి రమ్మంటే ఎల్లిపోద్దనుకున్నావేటి ఆ చెత్త? అది మాలాగ కాదు, కదల్దు!”

“నోరు ముయ్యరా,” అన్నాడు పట్టాభి. నోరు తెరవగానే వాసన లోపలికి వెళ్లింది కనుక ఆపైన ఏమీ అనలేదు.

“ఒగ్గీరా అప్పలకొండా, కొత్త కదా ఆళ్లకి,” అంది పైడమ్మ. ఆమె లేచి టెంటు అంచు వరకు వచ్చింది. “బాబూ! అటేపు ఎల్లకండి. ఐసుపెట్టెల కాడ గాజుముక్కలుంటాయి. నా కాలు తెగింది అక్కడే.”

“యోగనిద్రలో ఉన్నవారి సూచనలు స్వీకరించరాదు,” అని పర్యవేక్షణలో ఉన్న డాక్టరుగారు ప్రకటించి, ఉద్యోగులకు ధైర్యం కలిగించడానికి తాము కూడా బూట్లు విప్పి అటే నడిచారు.

ముందు పట్టాభి అరిచాడు. ఆయనను చూడటానికి పరుగెత్తిన డాక్టరుగారి మడమలో చేపముల్లు దిగింది. ఆ తరువాత ఎవరు ఎందుకు అరుస్తున్నారో చెప్పడం కష్టమైంది. తప్పించుకోబోయినవారు తప్పించుకోవలసిన చోటికే వెళ్లారు.

పట్టాభి రోడ్డు మీద కూలబడి పాదం పట్టుకుని ఏడుస్తున్నాడు. గులాబీరంగు పాదం నిండా నెత్తురు. పైడమ్మ కుంటుకుంటూ వెళ్లి ఆయన ఎదుట కూర్చుంది. తాను తాగే నీళ్ల సీసా మూత తీసి, ఆ కాలు తన ఒడిలో పెట్టుకుని, నెమ్మదిగా కడిగింది. గాజుముక్క గోటితో పైకి తీసింది. టెంటులో ఎవరిదో తువ్వాలు అడిగి కట్టు కట్టింది.

“మండుతోందా బాబూ?”

“మండుతోందమ్మా.”

“పసుపునీళ్లు కాదులే. మంచినీళ్లే.”

ఐదేళ్లలో నేను చూసిన పాదప్రక్షాళనలలో ఫోటోగ్రాఫరు లేనిది అదొక్కటే.

ఆ సాయంకాలం ఉద్యోగుల సంఘం అత్యవసర సమావేశం జరిపింది. బూట్లు లేకుండా చెత్తలో అడుగుపెట్టమనడం మానవ హక్కులకు భంగకరమని, తక్షణం బూట్లు ఇవ్వని పక్షంలో సమ్మెకు దిగుతామని తీర్మానించింది. వారు దేవతలుగా ప్రకటింపబడలేదు కాబట్టి వారికి సమ్మె హక్కు ఉంది. మర్నాడు భోజన విరామానికీ టీ విరామానికీ మధ్య ఉద్యోగుల బూట్ల ఫైలు పుట్టింది, ఆరోగ్య విభాగం నుండి ఆర్థిక విభాగానికి నడిచింది, సంతకమైంది. చీకటిపడేలోగా లారీ వచ్చింది. సిబ్బంది ఎంతమందో లెక్క తేలక, ఎవరూ నొచ్చుకోకుండా సరఫరాదారు గోడౌనులో ఉన్న సరుకంతా దింపించారు. నల్లని రబ్బరు బూట్లు, మోకాలి దాకా వచ్చేవి, లోపల మెత్తని అస్తరు ఉన్నవి. ‘ఉద్యోగుల పాదాల భద్రత విషయంలో సంస్థ రాజీపడదు’ అని కమిషనర్‌గారు ఫైలు మీద స్వహస్తాలతో రాశారు.

ఆ లారీని టెంటులోని వారంతా చూశారు. ఎవరూ కేకలు వేయలేదు. పైడమ్మ మాత్రం మా ఇంటి వైపు వచ్చినప్పుడు, “అయ్యి మేమడిగిన బూట్లేనా అమ్మగారూ?” అని అడిగింది.

“అవే.”

“మూడేళ్లు దొరకలేదన్నారు కదా?”

ఈసారి అడిగినవారు దేవతలు కారని ఉపసంఘం తరఫున చెప్పాను.

బూట్లు వచ్చాక ఉపసంఘానికి పాత చిక్కే కొత్తగా ఎదురైంది. బూట్లలో ఉన్న పాదాలకు పగుళ్లు పట్టవు. ముందే తెగినవి ఆసుపత్రి కట్లలో ఉన్నాయి. వాటి మీద పసుపునీళ్లు పోయించుకోవడానికి ఏ ఉద్యోగీ ఒప్పుకోలేదు. పట్టాభి సెలవు చీటీ ఇచ్చి, ప్రాణం పోయినా ఆ కుర్చీలో కూర్చోనని చెప్పి పంపాడు. తెల్లవారితే ఉత్సవం.

“ఒక్క జత పాదాలైనా దొరకవా?” అని కమిషనర్‌గారు తల పట్టుకున్నారు. “నగరంలో లక్షల జతలున్నాయి!”

“టెంటులో ఉన్నాయి,” అన్నాను నేను. “పంచగా మిగిలిన బూట్లూ మీ వద్దనే ఉన్నాయి. ఇవి అక్కడికి పంపితే అవి ఇక్కడికి వస్తాయి.”

“అలా చేస్తే సమ్మెకు లొంగినట్లవుతుంది. సమ్మె జరుగుతున్నట్లు అంగీకరించినట్లు కూడా అవుతుంది.”

నాకు కోపం వచ్చింది. “మనుషులు అక్కరలేనప్పుడు పాదాలు మాత్రం ఎందుకు? ఆ బూట్లనే కుర్చీలలో పెట్టి కడగండి,” అన్నాను.

నా మందలింపు తగిలిందనుకున్నాను. కమిషనర్‌గారు నెమ్మదిగా లేచి నిలబడి, నాకు రెండు చేతులూ జోడించారు.

“పాదుకాపూజ!” అన్నారు గద్గదస్వరంతో. “పౌర సభ్యురాలి సూచన ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.”

మర్నాడు మున్సిపల్ మైదానం కిటకిటలాడింది. వేదిక మీద ముఖమల్ కుర్చీలు వేశారు. కుర్చీకొక జత చొప్పున బూట్లు నిలబెట్టారు. కుర్చీలు చాలనందున మిగిలిన బూట్లన్నిటినీ వేదిక మెట్ల మీద, మెట్ల కింద బారులు తీర్చి, ఒక్కొక్క జతకు బొట్టు పెట్టి, చామంతి పూలు అంటించారు. సన్నాయి వాయిస్తున్నారు. గాలి తిరిగినప్పుడల్లా అలంకరించిన కుప్పల నుండి వాసన వస్తోంది. వేదిక నలుమూలలా అగరుబత్తుల కట్టలు కట్టలుగా వెలిగించారు.

కమిషనర్‌గారు మైకు అందుకున్నారు. “సోదర సోదరీమణులారా! అడవికి వెళ్లిన అన్న పాదుకలను సింహాసనం మీద ఉంచి, తమ్ముడు రాజ్యమేలిన పుణ్యభూమి మనది. పాదాలకన్న పాదుకలే పవిత్రమని ఆనాడే రుజువైంది. నేడు మన పారిశుద్ధ్య దేవతలు యోగనిద్రలో ఉన్నప్పటికీ, వారి ప్రతినిధులుగా ఈ పాదుకలు సాక్షాత్తు మన ఎదుట కొలువై ఉన్నాయి. ఇవి వేరు, వారు వేరు కాదు!”

మంత్రిగారు పట్టుపంచె సవరించుకుని మొదటి కుర్చీ ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నారు. వెండి చెంబు వంచారు. పసుపునీళ్లు నల్లని రబ్బరు మీద జారి, బూటు లోపలికి కూడా కొంత పోయాయి. కెమెరాలు మెరిశాయి. జనం ఒక్క క్షణం ఏం చేయాలో తెలియక, తరువాత చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు తగ్గుతుండగా మైదానం వెనుక నుండి ఒక గొంతు వినిపించింది.

“బాబూ! కమీషనరు బాబూ! ఆ కతలో అన్న ఆకరికి తిరిగొచ్చినాడా, నేదా?”

పైడమ్మ నిలబడి ఉంది. ఆమె వెనుక అప్పలకొండ, ఆ వెనుక టెంటులోని వారందరూ. నీలమ్మను ఒక చెత్తబండిలో కూర్చోబెట్టి తెచ్చారు. చేతుల్లో జెండాలు లేవు, నినాదాలు లేవు. పోలీసులు అడ్డు వెళ్లారు గాని ఏ సెక్షను కింద ఆపాలో వారికి తోచలేదు. దేవతలను పూజాస్థలానికి రానీయకూడదన్న ఉత్తర్వు వారివద్ద లేదు.

“కమీషనరు బాబు సెప్పకపోతే మంత్రి బాబే సెప్పండి,” అంది పైడమ్మ వేదిక వైపు నడుస్తూ. “వొచ్చినాడా?”

మంత్రిగారు ఇంకా మోకాళ్ల మీదనే ఉన్నారు. చేతిలో చెంబు ఉంది. ఎదురుగా కెమెరాలన్నీ ఉన్నాయి. ఆ కథ తెలియనివాడు ఆ మైదానంలో ఒక్కడూ లేడు.

“వచ్చాడమ్మా,” అన్నారు.

“మరి ఆ జోళ్లు తమ్ముడే ఉంచీసుకున్నాడా?”

మంత్రిగారు కమిషనర్‌గారి వైపు చూశారు. కమిషనర్‌గారు డాక్టరుగారి వైపు చూశారు. డాక్టరుగారు కట్టు కట్టిన తన మడమ వైపు చూసుకున్నారు.

“లేదమ్మా. తనే అన్న కాళ్లకు తొడిగాడు.”

“అయితే మేమొచ్చినాం,” అంది పైడమ్మ.

మైదానం మొత్తం నవ్వింది. జోగినాయుడు ఈల వేశాడు. పైడమ్మ మెట్లెక్కి, మొదటి కుర్చీలోని బూట్లు తీసి నేల మీద పెట్టి, ఐదేళ్లుగా కూర్చుంటున్న ఆ కుర్చీలో కూర్చుంది. కుడికాలు చాచింది. అరికాలిలో పాత గాటు తెల్లగా, దాని చుట్టూ నల్లగా కనిపిస్తోంది. మంత్రిగారు అలవాటు చొప్పున చెంబు ఎత్తబోయారు.

“నీళ్లొద్దు బాబూ. తొడగండి.”

మంత్రిగారు బూటులోని పసుపునీళ్లు ఒంపి, తువ్వాలుతో తుడిచి, తొడిగారు. తరువాత రెండవది. పైడమ్మ లేచి ఒక అడుగు వేసింది. బూటు నేల మీదనే ఉండిపోయింది, కాలు మాత్రం పైకి లేచి వచ్చింది. అవి పట్టాభి వంటివారి పాదాలను తలచుకుని కొన్న బూట్లు. ఆమె పాదం ఆ బూటులో సగానికి వచ్చింది.

కమిషనర్‌గారి ముఖంలో ఆశ మొలకెత్తడం నేను స్పష్టంగా చూశాను. “సైజు కుదరనందున, ఈ విషయం సాంకేతిక కమిటీకి నివేదించి—” అని మైకులో అన్నారు.

పైడమ్మ చుట్టూ చూసింది. పక్కనే బల్ల మీద వెండి పళ్లెంలో, సన్మానానికి తెచ్చిన జరీ శాలువలు మడతలుపెట్టి ఉన్నాయి. ఆమె పైనున్నది తీసుకుంది. అడ్డంగా రెండు ముక్కలుగా చింపింది. ఆ చిరిగిన చప్పుడు మైకులో మైదానమంతా వినిపించింది. ఒక్కొక్క ముక్కను ఉండచుట్టి ఒక్కొక్క బూటు ముందుభాగంలోకి కూరి, మళ్లీ తొడుక్కుంది. ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. బూట్లు ఆమెతో పాటు నడిచాయి.

“రండే,” అంది వెనక్కి తిరిగి. “శాలవలు సానా ఉన్నాయి.”

వారందరూ వరుసగా మెట్లెక్కారు. బూట్లూ అయిపోయాయి, శాలువలూ అయిపోయాయి. బండిలో కూర్చున్న నీలమ్మ ఉన్న కాలికి ఒక బూటు తొడుక్కుని, రెండోదాన్ని ఒడిలో పెట్టుకుంది. ఆ సాయంకాలమే చీపుర్లు కదిలాయి. మొదట టార్పాలిన్లు తీశారు, తరువాత బల్బులు, తరువాత జెండాలు, ఆ తరువాత చెత్త.

నగరపాలక సంస్థ ఈ పరిణామాన్ని హుందాగా స్వీకరించింది. దేవతలు యోగనిద్ర నుండి మేల్కొని తమ పాదుకలను తామే స్వీకరించారని, ఇది సంస్థ భక్తికి లభించిన ఫలమని ప్రకటించింది. మూడేళ్ల నాటి బూట్ల ఫైలును ‘అవసరం తీరినందున’ అని రాసి మూసివేశారు. సరైన సైజు బూట్లు కావాలన్న కొత్త అర్జీ మీద కొత్త ఫైలు తెరిచారు. అది డాక్టరుగారి క్రియాశీల పరిశీలనలో ఉన్నది.

పైడమ్మకు మాత్రం ఒక మెమో వచ్చింది. ప్రభుత్వ గౌరవ చిహ్నమైన శాలువను బహిరంగంగా చించి, కాళ్ల కింద వేసి అవమానించినందుకు తగు చర్య ఎందుకు తీసుకోరాదో లిఖితపూర్వకంగా తెలుపవలసిందని. ఆమె ఉదయం మా వీధి ఊడ్చి, బండి ఆపి, ఆ కాగితం నా చేతికిచ్చింది.

“జవాబు మీరు రాసీండి అమ్మగారూ. ఆళ్ల భాష మీకొచ్చు కదా.”

“ఏమని రాయమంటావు?”

పైడమ్మ చీపురు బండికి ఆనించి, తన బూట్ల వైపు చూసుకుంది. కుడి బూటు పై అంచు నుండి జరీ పోగు ఒకటి బయటికి వేలాడుతోంది. దానిని వేలితో లోపలికి తోసింది.

“శాలవ ఇన్నాళ్లూ భుజం మీదుండేది. నాకేటీ పన్జేయలేదు. ఇప్పుడు పన్జేత్తంది. కాలికి సరిపడే జోడు ఇచ్చేదాకా తియ్యనని రాసీండి.”

నేను ఉపసంఘంలో కొంతకాలం ఉన్నాను కాబట్టి ఆ మాటలను కార్యాలయ భాషలోకి మార్చగలను. మార్చలేదు. ఆమె చెప్పినట్టే రాసి, ఆమెకు చదివి వినిపించినట్లు కింద రాసి, నా సంతకం చేసి పంపాను.